ఇంటి పాఠము, తరగతి పాఠము

మేము చాలకాలముగా ఇంజనీరింగు కళాశాలలో విద్యుద్వలయముల శాస్త్రము బోధించుచున్నాము. బోధనమను పని మాకు బాగుగా తెలియునని 2020 మార్చి వఱకు తలచుచుంటిమి. ఆ నెలలో కళాశాలలు మూతపడి పాఠములన్నియు ఫోనులోనికి పోయినప్పుడు మా గర్వము భంగమయ్యెను.

తరగతిలో చెప్పు గంటసేపటి పాఠమునే యింట కూర్చుండి యట్లే చెప్పితిమి. ఉదయము పదిగంటలకు హాజరు తీసికొనుచుంటిమి. ఒక విద్యార్థిని ప్రతిదినమును రాలేదు. సోమరియని యెంచి మందలించుచు వ్రాసితిమి. రాత్రి పదునొకండు గంటలకు ప్రత్యుత్తరము వచ్చెను. "మేడమ్! మా యింట నొక్కటే ఫోను. నాన్నగారు దానిని తీసికొని పనికి పోవుదురు. వారు వచ్చి, వంటపని ముగిసిన పిదపనే నాకది దొరకును." చదివి సిగ్గుపడితిమి. తప్పు బాలికది కాదు, మేము పాఠము నమర్చిన తీరుది.

కళాశాలలు తెఱచిన పిమ్మట రెండువిధముల పాఠములను కలుప నెంచితిమి. ఇది మేము కనిపెట్టినది కాదు. అమెరికాలోని శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయమున 2012లో విద్యార్థులు ఎం.ఐ.టి. వారి విద్యుద్వలయముల పాఠములను ఇంట చూచి, తరగతిలో గురువుచెంత లెక్కలు చేసిరి. వారిలో నూటికి 91 మంది యుత్తీర్ణులైరి. పాతపద్ధతి తరగతులలో ఆ సంఖ్య 60కి లోపుగనే యుండెను. మఱుసటి సంవత్సర మచటనే తరగతిగది లేకుండ నడపిన గణితపాఠములలో పెక్కుమంది తప్పిరి. యంత్రము గురువునకు తోడు కాగలదు గాని గురువు కాజాలదని మాకు తోచెను.

మేము పాఠమును ఎనిమిదేసి నిమిషముల ముక్కలు చేసితిమి. ఒక్కొక్క ముక్కలో నొక్కటే విషయము. కాలువ చీలినచోట వచ్చిన నీరెంతయో పోవు నీరంతయే గదా. తీగలు కలియుచోట విద్యుత్తు నట్లే యనుట కిర్కాఫ్ నియమము. తుదిని రెండు ప్రశ్నలు. కళాశాలలోనే ఫోనున నింపుకొని, యింట ఇంటర్నెట్టు లేకున్నను చూడవచ్చును. గడువు గంట కాదు, వారము.

మొదట నొక పొరపాటు చేసితిమి. చూడక వచ్చినవారికై తరగతిలో పాఠమును మరల చెప్పితిమి. అంతట చూచుచున్నవారును మానుకొనిరి! పిదప మరల చెప్పుట మానితిమి. ఎక్కువమంది తప్పిన ప్రశ్నతోనే తరగతి నారంభించి, ముగ్గురేసి కూర్చుండి సాధింప నిచ్చితిమి. ప్రయోగశాలను మాత్రము ఫోనునకు వదలలేదు. తీగ కలుపుట చేతితోనే నేర్వవలెను.

ఆ బాలిక యిప్పుడు మొదటివరుసలో కూర్చుండి మమ్ము ప్రశ్నలతో నలయించుచున్నది. ఒకనాడు నవ్వుచు ననెను. "పుస్తకము పట్టిన మా యమ్మ పిలువదు; ఫోను పట్టిన మాత్రము అంట్లు తోమ పిలుచును."

తల్లులారా! ఆ తల్లిని తప్పుపట్టలేము. ఫోను ఆటవస్తువుగనే మనయింట నడుగిడినది. ఇప్పుడందులో పాఠమును గలదు. కూతురు చూచుచున్నదేమో యొకమాఱు ప్రక్కన కూర్చుండి మీరును చూడుడు. పాఠమైనచో అంట్లు కొంతసేపాగిన నష్టము లేదు. ఆ యరగంట లేనిచో మేమెంత చక్కగ నమర్చినను, మా పాఠము మీ గడప దాటి లోనికి రాజాలదు.