లాల, బువ్వ, స్టేటస్ కాల్

చంటిపిల్లలు కనపడగానే మన గొంతు దానంతటదే పైస్థాయికి వెళ్ళిపోతుంది, గమనించారా? రివ్యూ మీటింగుల్లో అందర్నీ హడలగొట్టే మా మేనేజరు కూడా ఫోన్లో కూతురితో "ఏం తల్లీ... బువ్వ తిన్నావామ్మా..." అని సాగదీస్తాడు.

ఇది మన ఒక్కళ్ళ గారాబమే కాదు. 1989లో ఆన్ ఫెర్నాల్డ్ బృందం ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్, జపనీస్, బ్రిటిష్, అమెరికన్ తల్లిదండ్రుల మాటలు రికార్డు చేసి చూస్తే అందరిదీ దాదాపు ఇదే వరస. 1997లో పాట్రీషియా కుల్ వాళ్ళు అమెరికా, రష్యా, స్వీడన్ తల్లుల్ని విన్నారు. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆ, ఈ, ఊ అచ్చుల్ని బాగా విడమర్చి పలుకుతున్నారట. ముద్దు చేస్తూనే అక్షరాభ్యాసం కానిచ్చేస్తున్నారన్నమాట! 2002లో డెనిస్ బర్నమ్ బృందం ఇంకో తమాషా తేల్చింది. పెంపుడు జంతువులతోనూ గొంతు పెరుగుతుంది గానీ, అచ్చులు విడమర్చడం మాత్రం పాపాయిలకే.

అన్నిచోట్లా ఇంతేనా అంటే, కాదు. గ్వాటెమాలాలో కీచే మాయా తల్లుల మాటలు కొలిస్తే గొంతు పెరగలేదు. వాళ్ళ పిల్లలకీ మాటలు వస్తున్నాయి మరి.

ఇదంతా తవ్వింది మా అక్క కోసం. డాలస్‌లో ఉంటుంది, పాపకి ఐదో నెల. రేపు డేకేర్‌లో ఇబ్బంది పడుతుందని ఇప్పట్నుంచే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని బావా, తనూ తీర్మానించారు. నాకు ఇంగ్లీషుతో పేచీ లేదు, బువ్వ పెట్టేదే అది. కానీ "లాల పోసుకుందామా బంగారూ" అన్నప్పుడు అక్క గొంతులో వచ్చే రాగం "లెట్ అజ్ టేక్ బాత్" అంటే రావట్లేదు. అచ్చం స్టేటస్ కాల్‌లా ఉంటుంది! లాల, బజ్జో, అప్పచ్చి, బూచి తనకి అమ్మ ఒళ్ళో వచ్చాయి. ఇంగ్లీషు ఇంజనీరింగ్ కాలేజీలో వచ్చింది. అక్కడ జోలపాటలు సిలబస్‌లో లేవు కదా.

"రెండూ కలిపితే దానికి మాటలు లేటవుతాయేమోరా" అంటుంది. రెండు భాషలు విన్నంత మాత్రాన అలా జరగదని ఇన్నేళ్ళ పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి.

2003లో కుల్ చేసిన మరో ప్రయోగం కూడా చెప్పాను. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్ని మాండరిన్ మాట్లాడేవాళ్ళు ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడిస్తే, ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే డీవీడీలో చూపిస్తే ఏమీ ఎక్కలేదు.

"అయితే అమ్మ వీడియో కాల్ కూడా దండగేనా?" అంది.

ఆ రెంటినీ నేను ఒకే గాటన కట్టను. పాప "ఉంగా" అంటే అమ్మ ఇక్కణ్ణుంచి "ఉంగా" అంటుంది, డీవీడీ అనదు. ప్రస్తుతానికి రోజూ మన సాయంత్రం ఆరున్నరకి అమ్మ కాల్ చేస్తోంది. ఆ అరగంటా డాలస్‌లో ఇంగ్లీషు బంద్.