పొందూరు మేస్త్రి గ్యాసు పట్టలేదు

శ్రీకాకుళం జిల్లా పొందూరుకు బయటి నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఖద్దరు కోసం వస్తారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో సన్నని నూలు వడికే ఊరు ఇది. 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం భవనానికి దారి ఎవరినడిగినా చెబుతారు. నేను మే నెల ఎండలో వెళ్లింది మాత్రం కార్లకూ బస్సులకూ ఏసీలు బాగుచేసే ఒక రేకుల షెడ్డుకి. విశాఖ నుంచి బయల్దేరిన ఒక మోటార్‌హోమ్ ఏసీ పనిచెయ్యక అక్కడ ఆగిందనీ, మేస్త్రి దాన్ని విప్పబోతున్నాడనీ తెలిసి, చూడాలనిపించింది.

మోటార్‌హోమ్ అంటే మనకు బొత్తిగా కొత్తేమీ కాదు. 1982లో పార్టీ పెట్టాక ఎన్టీ రామారావు పాత షెవ్రొలే వ్యాన్‌ని చైతన్యరథంగా మార్పించుకుని, అందులోనే తింటూ, అందులోనే పడుకుంటూ రాష్ట్రమంతా తిరిగారు. షూటింగుల్లో నటులు వాడే కారవాన్లు సరేసరి. ఇప్పుడు ఉద్యోగాలు ముగించుకున్న దంపతులు కూడా ట్రావెలర్ బండి కొని, మంచం, వంటగట్టు, స్నానాలగది కట్టించుకుని యాత్రలకు వెళ్తున్నారు. షెడ్డు ముందున్న బండి అలాంటి దంపతులదే. అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని, పొందూరులో రెండు పంచెలు కొనుక్కుని ఒడిశా వెళ్లాలని వాళ్ల ఆలోచన. దారిలో రెండు చోట్ల చూపించారట. రెండు చోట్లా ఒకటే మాట: గ్యాసు అయిపోయింది, పట్టాలి.

మేస్త్రి ఆ మాట విని నవ్వలేదు, తప్పనీ అనలేదు. "గ్యాసు పెట్రోలు కాదు గదమ్మా, అయిపోడానికి. గొట్టాల్లో తిరుగుతానే ఉంటాది. తగ్గిందంటే ఎక్కడో కారతందనే. కారే చోటు దొరక్కుండా పడితే మళ్లీ ఎల్లిపోద్ది. ముందు సూద్దాం," అన్నాడు.

ఆ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉంది. ఏసీలో గ్యాసు మండి ఖర్చవదు. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, బయటి కాయిల్‌లో అది వేడి వదిలి ద్రవమవుతుంది, సన్నని గొట్టం దాటాక లోపలి కాయిల్‌లో గదిలోని వేడిని తాగి మళ్లీ ఆవిరవుతుంది. అతుకులు గట్టిగా ఉంటే అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతుంది. మోటార్‌హోమ్ కప్పు మీద బిగించే ఏసీలో అయితే ఈ చుట్టు అంతా ఫ్యాక్టరీలోనే అతికి మూసేస్తారు. మామూలుగా గేజి తగిలించుకోవడానికి దానికి మూతి కూడా ఉండదు. గ్యాసు పట్టాలంటే రాగి గొట్టానికి బెజ్జం పెట్టి వాల్వు బిగించాలి. లేని కారుడును మనమే తెచ్చిపెట్టుకునే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

బండిలో ఏసీలు రెండు. ముందు సీట్ల దగ్గరిది ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. ఆగిన చోట అది పనికిరాదు. పడుకునే గదికి గాలినిచ్చేది కప్పు మీది 13,500 బీటీయూ యూనిట్. మన లెక్కలో టన్నుకు కాస్త పైన, 4 కిలోవాట్లకు దగ్గరగా వేడిని తోడగలిగేది. దానికి 230 వోల్టుల కరెంటు బయటి నుంచో, జనరేటరు నుంచో అందాలి. మొరాయిస్తున్నది ఇదే.

మేస్త్రి స్విచ్చి వేయించి, చెవి పైకి పెట్టి నిలబడ్డాడు. ఫ్యాను తిరిగింది. కాసేపటికి పైన ఒక మూలుగు, ఆ వెంటనే టక్ మని చప్పుడు. మళ్లీ ఫ్యాను ఒక్కటే. "ఇన్నారా? కంప్రెసరు లెగాలని సూసి పడిపోనాది," అన్నాడు. క్లాంప్ మీటరు తీగకు తగిలించి చూపించాడు. ఒక ఆంపియర్ కూడా లేదు. అది ఫ్యాను లాగే కరెంటు మాత్రమే. కంప్రెసరే నడవని బండికి గ్యాసు పడితే ఏం చల్లబడుతుంది?

అప్పుడతని చూపు కరెంటు తీగ మీద పడింది. బండివాళ్లు వెంట తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ తీగ, 30 మీటర్ల చుట్ట, 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఇలాంటి తీగలో పోనూ రానూ కలిపి ఒకటిన్నర ఓమ్‌ల దాకా అడ్డు ఉంటుంది. 7 ఆంపియర్లు నడుస్తుంటే పోయేది 10 వోల్టులే, భరించొచ్చు. కంప్రెసర్ లేచే క్షణంలో మాత్రం దానికి అయిదారు రెట్లు కరెంటు కావాలి. 40 ఆంపియర్లు లాగితే ఆ తీగలోనే 60 వోల్టులు కరిగిపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం లైన్లో ముందే 215 ఉందనుకోండి, కంప్రెసర్‌కి చేరేది 155. లేవలేక మూలిగి, వేడెక్కి, ఓవర్‌లోడ్ స్విచ్చి కొట్టేసి ఆగిపోతుంది. చుట్ట విప్పకుండా వాడితే తీగ కూడా కాలుతుంది. చేత్తో పట్టుకుని చూశాను, చుట్ట లోపలి వరసలు బాగా వెచ్చగా ఉన్నాయి.

షెడ్డులోని లావు తీగ తెచ్చి బోర్డు నుంచి నేరుగా ఇచ్చారు. ఈసారి కంప్రెసర్ లేచింది, కానీ కష్టపడి లేచింది. మేస్త్రి కరెంటు తీసేయించి కప్పెక్కాడు. మూత విప్పి కెపాసిటర్ బయటికి తీసి, ముందు దానిలో మిగిలిన కరెంటును ఒక రెసిస్టర్‌తో దించాడు. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్ షాకు కొట్టగలదు కాబట్టి ఈ పని ఇంట్లో ఎవరూ చెయ్యకూడదని దంపతులకు గట్టిగా చెప్పాడు. దాని మీద రాసున్నది 35 మైక్రోఫారడ్లు, మీటరు చూపించింది 29. అయిదారు శాతం తేడా ఉంటే ఫరవాలేదు, ఇది అంతకు మించిపోయింది. డబ్బాలోంచి కొత్తది తీసి పెట్టాడు.

ఇక్కడితో చాలామంది పని ముగిసిందనుకుంటారు. కంప్రెసర్ నడుస్తోంది, కరెంటు కూడా సరిపోను లాగుతోంది. యూనిట్ పలక మీద రాసిన దానికంటే కొంచెం ఎక్కువే, 7.4 ఆంపియర్లు. గ్యాసు బాగా తగ్గిపోయి ఉంటే కంప్రెసర్‌కి పని తగ్గి ఇంత లాగదు. గొట్టానికి బెజ్జం పెట్టకుండానే లోపలి సంగతి తెలుసుకునే దారి అది. మేస్త్రి అక్కడ ఆగకుండా రెండు థర్మామీటర్లు తెప్పించాడు. ఒకటి గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర, ఒకటి చల్లగాలి వచ్చే మూతి దగ్గర పెట్టాడు. పావుగంట తర్వాత పీల్చేది 33, వదిలేది 28. తేడా అయిదు డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న యూనిట్ సుమారు తొమ్మిది నుంచి పన్నెండు చూపించాలి.

లోపలి మూత దించారు. ఫిల్టరు దుమ్ముతో గట్టి పలకలా మారింది. దాని వెనక కాయిల్ మీద అప్పుడే తెల్లగా మంచు కట్టడం మొదలైంది. మంచు కనబడగానే చల్లదనం బాగుందనుకుంటాం. నిజానికి కాయిల్ సరిగా పనిచెయ్యడం లేదని దాని అర్థం. గ్యాసు తగ్గినా మంచు కట్టొచ్చు, ఫిల్టరు మూసుకుపోయినా కట్టొచ్చు. ఏది కారణమో తేల్చాలంటే ముందు గాలిదారి బాగుచెయ్యాలి.

అప్పుడు అతను చేసిన పని నాకు అన్నింటికంటే నచ్చింది. ఒక అగరుబత్తి వెలిగించి, పీల్చే గదికీ వదిలే గదికీ మధ్యనున్న రేకు గోడ అంచుల వెంట మెల్లగా నడిపించాడు. మూడు వైపులా పొగ నిలువుగా లేచింది. నాలుగో వైపు, మూల దగ్గర, ఒక్కసారిగా వంగి పక్కకు దూసుకుపోయింది. అక్కడ అంటించిన టేపు వేడికి ఊడి వేలాడుతోంది. కాయిల్ దాటి వచ్చిన చల్లగాలిలో కొంత గదిలోకి రాకుండా, ఆ సందులోంచి మళ్లీ కాయిల్ మీదికే పోతోందన్నమాట. చల్లబడిన గాలినే తిరిగి చల్లబరుస్తుంటే కాయిల్ గడ్డకడుతుంది, గది ఉడుకుతుంది. పాత జిగురు గీకి, అంచు తుడిచి, అల్యూమినియం టేపు రెండు వరసలు వేసి వేలితో నొక్కాడు. అగరుబత్తి మళ్లీ తిప్పాడు. పొగ కదల్లేదు.

కప్పు మీద కండెన్సర్ పరిస్థితీ అంతే. రోడ్డు దుమ్ము, దానిలో కలిసిన ఊక, వాన తుంపరకు తడిసి ఎండి రేకుల సందులన్నీ పూడ్చేశాయి. ధాన్యం మిల్లుల పక్కనుంచి తిరిగే బండ్లకు ఇది ఇక్కడ మామూలేనట. షెడ్డులోని కుర్రాడు ప్రెషర్ పంపు అందుకోబోతే మేస్త్రి వద్దన్నాడు. ఆ జోరుకి పల్చటి రేకులు వంగి మూసుకుపోతాయి. మామూలు గొట్టంతో, లోపలి నుంచి బయటికి, దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పంపేలా కడిగించాడు. వంగిన రేకుల్ని సన్నపళ్ల దువ్వెనతో తనే ఒక్కొక్క వరస సరిచేశాడు.

ఆరబెట్టి, మూతలు బిగించి, మళ్లీ నడిపారు. కరెంటు 6.8కి దిగింది. బయటి కాయిల్ ఊపిరి తీసుకోవడంతో కంప్రెసర్ మీద బరువు తగ్గింది. కాసేపటికి పీల్చే గాలి 31, వదిలేది 21. పది డిగ్రీలు. మంచు లేదు. గ్యాసు సిలిండరు మూల నుంచి కదల్లేదు.

అయినా లోపల వెంటనే చల్లగా అనిపించలేదు. అమ్మగారు ఆ మాటే అన్నారు. మేస్త్రి కప్పు నుంచి నీరు కారే గొట్టం కింద లీటరు సీసా పెట్టించాడు. అరగంటలో నిండింది. అంటే గంటకు రెండు లీటర్లు. గాలిలోని ఆవిరి నీరు కావాలంటే ఏసీ దానిలోంచి వేడిని లాక్కోవాలి. గంటకు రెండు లీటర్లంటే సుమారు 1.35 కిలోవాట్లు, ఈ యూనిట్ శక్తిలో మూడో వంతు. శ్రీకాకుళం ఉక్కలో ఏసీ ముందు గాలిని పిండుతుంది, తర్వాతే చల్లబరుస్తుంది. పొడి ఊళ్లలో ఇదే యూనిట్ గది వేడిని ఇంతకంటే చురుగ్గా దించుతుంది. ఇదే తేమ పొందూరు నూలుకు బలం. గాలి పొడిగా ఉంటే సన్నని పత్తి పోగు తెగుతుంది. నూలుకు మేలు చేసే గాలి ఏసీకి అదనపు పని పెడుతుంది. తలుపు తీసి ఉంచినా, లోపల అన్నం వండినా, తడిబట్టలు ఆరేసినా ఆ పని ఇంకా పెరుగుతుంది.

మిగతాది ఎండ. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు 1000 వాట్ల దాకా వేడి పడుతుంది. డ్రైవరు ముందున్న పెద్ద అద్దం నుంచే కిలోవాట్‌కి దగ్గరగా లోపలికి రావచ్చు. బండిని చెట్టునీడకు జరిపి, అద్దానికి బయటి వైపు వెండిరంగు తెర వేసి, ముందు సీట్లకూ గదికీ మధ్య దుప్పటి కట్టించాడు. గంట తర్వాత గది 26కి వచ్చింది. ఆ దుప్పటికీ నీడకూ పైసా ఖర్చు కాలేదు.

గ్యాసు అనవసరంగా పట్టడం జేబుకే నష్టమైతే ఇంతగా రాయను. పాత ఆర్-22 గ్యాసు ఓజోన్ పొరను తినేది. 1987 మాంట్రియల్ ఒప్పందంతో ప్రపంచం అలాంటి వాటిని విడిచే దారి పట్టింది. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు గాని, కిలో గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కలో 2000 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడి పెంచుతుంది. ఇప్పుడిళ్లలో ఎక్కువగా వస్తున్న ఆర్-32 వంతు 675. పైగా అది కొద్దిగా మండే గుణం ఉన్నది. కారుతున్న చోటు వెతక్కుండా ఏటా పట్టే గ్యాసంతా చివరికి మన నెత్తినే చేరుతుంది. అందుకే ఐటీఐల్లో ఏసీ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు సిలిండరు కంటే ముందు మీటరు చేతికివ్వాలి. షెడ్డులోని కుర్రాడికి ఈ మేస్త్రి చేస్తున్నది అదే. ప్రతి అంకె వాడి చేతే చదివించి, గోడమీద సుద్దతో రాయించాడు.

లెక్క తేల్చుకునే వేళ వచ్చింది. మేస్త్రి కెపాసిటర్ ధరా, కడిగిన కూలీ చెప్పి ఊరుకున్నాడు. రెండున్నర గంటలు వెతికి, గ్యాసు అక్కర్లేదని తేల్చిన పనికి పైసా అడగలేదు. ఎందుకని నేనే అడిగాను. "సూసినందుకు ఎవరిత్తారు బాబూ? గ్యాసు పట్టేనంటే ఇత్తారు," అన్నాడు.

మన ఊళ్లలో ఏసీల జబ్బు అక్కడుంది. డాక్టరు నాడి చూసి మందక్కర్లేదంటే ఫీజిచ్చి దండం పెట్టి వస్తాం. మెకానిక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏదైనా మారిస్తేనో, ఏదైనా నింపితేనో చెయ్యి జేబులోకి పోతుంది. అలాంటప్పుడు నిజాయతీగా వెతికేవాడు నష్టపోతాడు, సిలిండరు తగిలించేవాడు బతుకుతాడు. ఆ దంపతులు సంగతి గ్రహించి, వెతికిన పనికీ విడిగా డబ్బు లెక్కకట్టి ఇచ్చారు. మనమూ మన ఇంటి ఏసీకైనా, కారు ఏసీకైనా అదే చెయ్యాలి. వోల్టులెన్ని, ఆంపియర్లెన్ని, లోపలికి పోయే గాలి ఎంత, వచ్చే గాలి ఎంత అని అడగాలి. ఆ నాలుగు అంకెలు చూపించినవాడికి, గ్యాసు చుక్క పట్టకపోయినా, అడక్కుండానే కూలి ఇవ్వాలి.