పొగ పీల్చే పెట్టె కోసం కోఠీ ప్రయాణం

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినారు చూస్తారు. సాలార్‌జంగు మ్యూజియంలో గడియారంలోంచి బయటికి వచ్చి గంట కొట్టే బొమ్మను చూస్తారు. గత వేసవి సెలవుల్లో మా మేనల్లుడూ నేనూ వెళ్ళి ఇవేమీ చూడకుండా, ఒక సందులో నాలుగు గంటలు తిరిగి వచ్చాం. ఆ సందు పేరు గుజరాతీ గల్లీ. అది కోఠీలో ఉన్నది.

మేము ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. మా మేనల్లుడికి పదమూడేళ్ళు. వాడికి రేడియోల పిచ్చి. చిన్న చిన్న ముక్కలు తెచ్చి, పచ్చటి పలక మీద గుచ్చి, వేడి ఇనుముతో సోల్డరింగు చేస్తాడు. మన పెద్దవాళ్ళు దీన్నే మాటు వేయడమంటారు. చిల్లి పడిన బిందెకు మాటు వేసినా, రేడియోలో రెండు తీగలు కలిపినా పని ఒకటే: తేలికగా కరిగే లోహాన్ని కరిగించి, కరగని లోహాన్ని అతికించడం.

మాటు వేసినప్పుడల్లా సన్నని తెల్లటి పొగ వస్తుంది. వాడు బల్ల మీద ముక్కు ఆనించి పని చేస్తాడు కనక ఆ పొగంతా తిన్నగా వాడి ముఖానికే తగిలేది. నాలుగు రోజులు కళ్ళు ఎర్రబడ్డాయి. అయిదో రోజు రాత్రి దగ్గు మొదలయింది. వాడి అమ్మమ్మ, అంటే మా అమ్మ, మాట్లాడకుండా లేచి, ఆ ఇనుము తీసి బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున కట్టుకున్నది.

"అమ్మమ్మా, ఒక్క రేడియో పూర్తి చేసుకుంటాను," అని వాడు బతిమాలాడు.

"మీ తాత కూడా ఒక్క నగ పూర్తి చేస్తానని కూర్చునేవాడు బిడ్డా," అన్నది ఆమె.

మా నాయన బంగారుపని చేసేవాడు. కుంపటి ముందు కూర్చుని, ఊదుగొట్టం నోట పెట్టుకుని, వెలిగారం అద్దిన నగ మీదికి మంట ఊదుతూ నలభై ఏళ్ళు గడిపాడు. చివరి రెండేళ్ళు పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అదంతా చూసిన మనిషితో వాదించడానికి నాకు నోరు రాలేదు.

పొగ పీల్చే యంత్రాలు చిన్నవి దొరుకుతాయని వాడు ఎక్కడో చదివాడు. బల్ల మీద పెట్టుకునే పెట్టె. ముందువైపు నల్లటి స్పాంజి, వెనక ఫ్యాను. "అది తెస్తే తాళం తీస్తావా?" అని అడిగాడు.

"తెచ్చాక చూద్దాం," అన్నది అమ్మ.

ఆ "చూద్దాం" పట్టుకుని మేము నల్లగొండలో తెల్లవారే బస్సెక్కాం. వంద కిలోమీటర్ల దారి. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి, దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో నత్తలా నడిచి, బస్సు మూసీ పక్కన ఉన్న ఇమ్లీబన్ స్టేషనులో దింపింది. అక్కడ మెట్రో ఎక్కితే మరుసటి స్టేషనే సుల్తాన్‌బజార్. మేనల్లుడు కిటికీలోంచి మూసీని సరిగా చూసేలోగానే దిగవలసి వచ్చింది.

కోఠీ అంటే పెద్ద భవంతి. ఆ భవంతి ఇప్పటికీ ఉన్నది. నిజాం కొలువులో ఇంగ్లీషువారి ప్రతినిధిగా 1798 నుంచి 1805 వరకూ ఉన్న కిర్క్‌పాట్రిక్ దాన్ని కట్టించాడు. ఎత్తయిన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు. దొరలు పోయాక 1949 నుంచి అందులో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇప్పుడు అది మహిళా విశ్వవిద్యాలయం. భవంతి పేరే పేట పేరయింది.

గుజరాతీ గల్లీలో అడుగుపెట్టగానే మేనల్లుడు నా చెయ్యి వదిలేశాడు. ఇరుకు సందు. రెండు వైపులా దుకాణాలు, వాటి పైన మేడ మీద దుకాణాలు, మెట్ల కింద కూడా దుకాణాలు. మిఠాయి కొట్టులో లడ్లూ జిలేబీలూ పేర్చినట్టు ఇక్కడ గాజు పెట్టెల్లో రెసిస్టర్లు, కెపాసిటర్లు, మోటార్లు, స్పీకర్లు పేర్చి ఉన్నాయి. పలకరింపు దక్కనీ ఉర్దూలో: "క్యా హోనా?" మనం తెలుగులో జవాబిస్తే వాళ్ళూ తెలుగులోకి దిగుతారు. మా వాడు పది రూపాయల ఎల్.ఇ.డి. దీపాల కోసం ముప్పావు గంట తీసుకున్నాడు. ఆ ముప్పావు గంటా నా ఓర్పు ఎంతటిదో దేవుడికి తెలుసు.

పొగ పీల్చే పెట్టెను ఆ గల్లీలో "స్మోక్ అబ్సార్బర్" అంటారు. మొదటి దుకాణదారు రెండువేల రెండువందలు చెప్పాడు. "ఎంత పొగయినా లాగేస్తుంది," అన్నాడు. మా వాడి దగ్గర పద్దెనిమిది వందలున్నాయి. బేరం తెగక మేడ మీదికి వెళ్ళాం.

పైన ఒక మూల గదిలో ఒక ముసలి మెకానిక్కు యాంప్లిఫయరు బాగుచేస్తున్నాడు. ఆయన బల్ల మీద అలాంటి పెట్టే ఒకటి తిరుగుతున్నది. మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆయన గుండెల్లో పిల్లనగ్రోవి మోగినట్టు సన్నటి ఈల వినబడింది. నాకు మా నాయన గుర్తుకు వచ్చాడు.

మా వాడు తిన్నగా అడిగేశాడు: "తాతా, ఈ పెట్టె నిజంగా పొగను లాగుతుందా?"

ఆయన నవ్వి, గూట్లోంచి అగరువత్తి తీసి వెలిగించాడు. "నువ్వే పట్టి చూడు బాబూ," అని చేతికిచ్చాడు. పెట్టెకు జానెడు దూరంలో పడితే పొగ ఫ్యాను మాట వినకుండా తిన్నగా పైకి పోయింది. బెత్తెడు దూరానికి తెస్తే కొద్దిగా వంగింది. మూడు వేళ్ళ దూరానికి తేగానే గిరుక్కున తిరిగి పెట్టెలోకి దూరింది.

"ఇదేమిటి? నోటితో ఊదితే అంత దూరాన ఉన్న దీపం కూడా ఆరుతుంది గదా!" అన్నాడు మా వాడు.

పిల్లలూ, ఇక్కడే తమాషా ఉన్నది. ఊదిన గాలి బాణంలా ఒకే వైపు పోతుంది. పీల్చే గాలి అట్లా కాదు. ముందునుంచీ, పక్కలనుంచీ, వెనకనుంచీ, అన్ని వైపులనుంచీ వస్తుంది. అందుచేత కొంచెం దూరం జరిగితే చాలు, దాని బలం చప్పున పడిపోతుంది. ఫ్యాను మూతి పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదనుకుందాం. ఆరు సెంటీమీటర్ల దూరంలో గాలి వేగం మూతి దగ్గర ఉన్నదానిలో సుమారు నాలుగోవంతు. పన్నెండు సెంటీమీటర్ల దూరంలో పదోవంతు కూడా ఉండదు. జానెడు దాటితే ఇంచుమించు యాభయ్యోవంతు! పెట్టెను బల్ల చివర ఎక్కడో అలంకారానికి పెడితే అది మోత పెట్టడం తప్ప ఏమీ చేయదన్నమాట. మీరు కూడా పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని, మామూలు టేబుల్ ఫ్యాను వెనక అగరువత్తి పట్టి చూడవచ్చు. చేతులూ బట్టలూ రెక్కలకు దూరంగా ఉండాలి.

"ఇంతకీ ఈ పొగ ఏమిటి? సీసమా?" అని నేను అడిగాను. మా అమ్మ భయం అదే.

"అందరూ అట్లాగే అనుకుంటారు సార్," అన్నాడాయన. ఆయన చెప్పిందీ, తరవాత నేను పుస్తకాల్లో సరిచూసుకున్నదీ కలిపి చెబుతాను. సోల్డరు తీగలో మామూలుగా నూటికి 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం. అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇనుము మొన వేడి సుమారు 350 డిగ్రీలు. సీసం మరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. కనక సీసం పొగగా లేచేది లెక్కలోకి రాదు. సీసం మన ఒంట్లోకి పోయే దారి వేరే ఉన్నది: చేతులు. తీగ పట్టుకున్న చేత్తోనే మిరపకాయ బజ్జీ తింటే సీసం కూడా తిన్నట్టే. సబ్బుతో చేతులు కడగందే ఏదీ నోట పెట్టకూడదు.

పొగ వచ్చేది తీగ మధ్యలో దాచిన రోజిన్ నుంచి. పైన్ చెట్ల బంకలోంచి తీసే పదార్థం అది. వయొలిన్ వాయించేవాళ్ళు కమానుకు రుద్దుకునేది కూడా అదే. రాగి మీద పట్టిన చిలుమును అది తినివేస్తే గాని మాటు అతకదు. మా నాయనకు వెలిగారం ఎట్లాగో, పూర్వం ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడికి నవాసారం ఎట్లాగో, రేడియో పనివాడికి రోజిన్ అట్లాగు. కళాయివాడు నవాసారం చల్లగానే గుప్పున లేచే తెల్లటి పొగను చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కమానుకు రుద్దే చల్లని రోజిన్ వేరు, మాడిన రోజిన్ వేరు. దాని పొగను ఏళ్ళతరబడి పీల్చినవాళ్ళలో కొందరికి ఉబ్బసం వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తరవాత కొంచెం పొగ తగిలినా ఆయాసం పుడుతుంది. సీసం లేని సోల్డరు కొంటే పొగ ఉండదనుకోవడం పొరపాటు. అది ఇంకా ఎక్కువ వేడికి గాని కరగదు. రోజిన్‌లాంటిది అందులోనూ ఉంటుంది.

"ముప్ఫై ఏళ్ళు పొగను నోటితో ఉఫ్ఫని ఊదుకుంటూ పనిచేశాను," అన్నాడు ముసలాయన. "ఈ పెట్టె కొని మూడేళ్ళే అయింది. ముందే కొనవలసింది."

కాసేపాగి, మా వాణ్ణి పరీక్షగా చూసి, "నీకు గాని పిల్లికూతలు వస్తాయా?" అని అడిగాడు. లేదన్నాం. "వచ్చేవాడివయితే ఈ పెట్టె కొనమని చెప్పను. డాక్టరును అడగకుండా మాటు జోలికే పోవద్దనేవాణ్ణి," అన్నాడు. సరుకు అమ్మే సందులో కొనవద్దనే మాట వినడం నాకు వింతగా తోచింది.

పెట్టెలోని నల్ల స్పాంజి సంగతి కూడా ఆయనే విప్పి చూపాడు. అందులో ఉండేది ప్రత్యేకంగా కాల్చిన బొగ్గుపొడి. టెంకాయ చిప్పలతో కూడా దీన్ని చేస్తారు. దాని ఒంటినిండా కంటికి కనిపించని చిల్లులు. ఒక్క గ్రాము మంచి బొగ్గులోని చిల్లుల గోడలన్నీ పరిస్తే అయిదువందల చదరపు మీటర్లకు తక్కువ కాదు. ఆ గోడలకు వాసనలూ ఆవిరులూ అంటుకుంటాయి. అయితే పొగలోని నలుసులు చాలావరకు మైక్రాను కన్నా చిన్నవి. మన వెంట్రుక మందమే సుమారు డెబ్భై మైక్రాన్లు. అంత చిన్న నలుసులు ఈ పలుచని స్పాంజిలోంచి జారిపోతాయి. వాటిని పట్టాలంటే హెపా అనే కాగితపు జల్లెడ కావాలి. అది 0.3 మైక్రాన్ల నలుసులను కూడా నూటికి 99.97 పాళ్ళు పట్టుకుంటుంది, కాని ఈ చిన్న ఫ్యానుకు దానిలోంచి గాలి లాగే శక్తి లేదు.

"మరి నీ పెట్టె వెనకనుంచి పొగ నీ గదిలోకే వస్తున్నది గదా తాతా?" అన్నాడు మా వాడు.

ముసలాయన మాట్లాడకుండా పెట్టె వెనక్కి వేలు చూపాడు. అక్కడ మడతలు మడతలుగా సాగే అల్యూమినియం గొట్టం తగిలించి ఉన్నది. దాని రెండో కొస కిటికీలోంచి బయటికి పోయింది.

ఆ తరవాత బేరం తొందరగానే ముగిసింది. పక్క దుకాణంలో పదహారు వందలకు పెట్టె, వంటింటి చిమ్నీలు అమ్మేచోట ఒకటిన్నర మీటర్ల గొట్టం. ఇద్దరం చెరొక కప్పు ఇరానీ చాయ్ తాగి, చీకటి పడేలోగా బస్సెక్కాం. పెట్టెను వాడు దారిపొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

మర్నాడు ఇంట్లో కిటికీ పక్కకు బల్ల జరిపాం. పాత పుస్తకాల అట్టతో గరాటులాంటిది చేసి, పెట్టె వెనక అతికించి, గొట్టం తగిలించాం. గొట్టం ఉన్నప్పుడు స్పాంజి తీసివేస్తాం. అది గాలికి అడ్డు. జోరువాన వచ్చి కిటికీ మూయవలసి వస్తే ఆ రోజు మాటు పని లేదు. పెట్టె మూతికి రెండు పక్కలా, పైనా అట్టముక్కలు రెక్కల్లా నిలబెడితే పక్కల గాలి తగ్గి లాగుడు పెరిగింది. ఇది మా వాడి సొంత ఆలోచన. మూతినుంచి ఆరు సెంటీమీటర్ల దగ్గర బల్ల మీద సుద్దతో గీత గీశాడు. పని ఆ గీత లోపలే జరగాలి, తల గీత ఇవతల ఉండాలి.

అంతా సిద్ధమయ్యాక అమ్మను పిలిచాం. ఆమె మా ఉపన్యాసం ఏదీ వినలేదు. దేవుడి గూట్లోంచి అగరువత్తి తెచ్చి, వెలిగించి, గీత మీద పట్టింది. పొగ వంగి పెట్టెలోకి పోయింది. గీతకు బయట పట్టింది. పొగ పైకి పోయింది. మళ్ళీ లోపల పట్టింది. తరవాత వీధిలోకి నడిచి, కిటికీ కింద నిలబడి, గొట్టం మూతి దగ్గర వాసన చూసి వచ్చింది.

"మీ తాతకు ఇట్లాంటిది ఎవరూ చెప్పలేదు," అన్నది.

కొంగు ముడి విప్పి తాళంచెవి వాడి చేతిలో పెట్టింది. వాడు బీరువా వైపు పరుగెత్తాడు.

"ముందు చేతులు కడిగేందుకు సబ్బు తెచ్చి ఇక్కడ పెట్టు," అని వెనకనుంచి కేకేసింది.