కంట్లో పొర

పేరుకు తెల్లసొనే గాని, పచ్చిగుడ్డు పగలగొట్టి చూడండి, నీళ్ళలా తేటగా ఉంటుంది. ఉడికాకనే తెల్లబడుతుంది. (శాకాహారులు మన్నించాలి, మా అమ్మతో సహా. ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.)

ఆ సొనలో ఉన్నవి ప్రోటీన్లు. ప్రతి ప్రోటీనూ అమైనో ఆమ్లాలు గుచ్చిన దండ. ఆ దండ ఒక ప్రత్యేకమైన తీరులో తనంతట తానే ముడుచుకుని ఉండలా కూర్చుంటుంది. అమెరికాలో ఆన్ఫిన్సెన్ అనే ఆయన 124 ఆమ్లాల ప్రోటీనొకదాన్ని యూరియా వగైరాలతో విప్పదీసి, మళ్ళీ వాటిని తొలగించి చూశాడు. అది బుద్ధిగా తన రూపానికి వచ్చేసింది! 1972లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కాని రద్దీలో వేడి తగిలితే కథ వేరు. విడిన దండలు ఒకదాన్నొకటి పెనవేసుకుని చిక్కుపడతాయి. వెలుతురు వాటిలోంచి నేరుగా పోలేక చెదిరిపోతుంది. అదే ఆ తెలుపు.

మా అమ్మ కంట్లో జరిగిందీ, వేడి లేకుండా, దాదాపు ఇదే. డెబ్భై రెండో ఏట శుక్లం వచ్చిందన్నారు. అమ్మ లెక్కలో శుక్లమంటే పైన కమ్మిన పొర. పొరయితే చుక్కలు వేస్తే కరగాలి గదా! పక్కింటి పిన్నిగారు తేనె వెయ్యమంది. ఇంకొకరు పొన్నగంటికూర తినమన్నారు. కూర సంగతి సరే, రుచిగానే ఉంటుంది. తేనెసీసా మాత్రం నేను దాచేశాను.

“కత్తి లేకుండా పోయే దారి చూడవే, కెమిస్ట్రీ చదివావుగా” అంది అమ్మ.

చూశాను. కంటి కటకం బరువులో ఇంచుమించు మూడోవంతు ప్రోటీన్లే. నడిమధ్యన ఉన్నవి మనం పుట్టేనాటికే తయారైనవి. తరవాత మార్పిడి లేదు. అమ్మ పెళ్ళిచీరే మడతల దగ్గర చిరిగింది, ఇవెంతకాలం ఆగుతాయి? సడలిన ప్రోటీన్లను చిక్కుపడకుండా పట్టుకునే కాపలాదారు ఒకటుంది, ఆల్ఫా క్రిస్టలిన్. 1992లో హోర్విట్జ్ ఆ సంగతి కనిపెట్టాడు. వేడి పెరిగితే అది రూపు కొద్దిగా మార్చుకుని ఇంకా బాగా కాపలా కాస్తుందని 1994లో మన హైదరాబాదు సీసీఎంబీలో రామన్, మోహనరావు గార్లు చూపించారు. అయితే వయసు మీరేకొద్దీ కాపలాదార్లందరూ ఎవరో ఒకరిని పట్టుకుని ఉండిపోతారు. కొత్తవాళ్ళు రారు.

లానోస్టెరాల్ అనే మందు కుక్కల కళ్ళలో మసక తగ్గించిందని 2015లో ఒక ప్రకటన వచ్చింది. అది చదవగానే “అమ్మా!” అని కేకేయబోయాను. కింద ఇంకో సంగతి ఉంది: మనుషుల కళ్ళలోంచి తీసిన శుక్లాల మీద అది పనిచేయలేదట.

అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

“అయితే ఉడికిన గుడ్డు పచ్చిది కాదంటావు” అంది, గుడ్డు ముట్టని మనిషి.

“కాదమ్మా.”

కాసేపు మాట్లాడలేదు. తరవాత, “తీసేసి ఏం పెడతారుట?” అంది.

“ప్లాస్టిక్ కటకం.”

“సరే, రాయించు.”

ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. మూడోనాడు నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి, తేరిపార చూసి, “ఎంత ముసలిదానివయ్యావే!” అంది.