గోడకి నాలుగు కన్నాలు

ఈ మధ్య మా ఊరి వైపు కట్టే కొత్త ఇళ్ళలో ఒక వస్తువు కనపడకుండా పోయింది. కిటికీకి పైన, స్లాబుకి జానెడు కింద, అడుగున్నర వెడల్పుతో ఒక బుల్లి కిటికీ ఉండేది చూడండి, వెంటిలేటర్. అందులో పిచ్చుకలు గూళ్ళు పెట్టేవి. సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు అమ్మ దాన్ని తిట్టుకునేది. ఇప్పుడది లేదు. ఎందుకు లేదని ఎవర్నడిగినా ఒకటే సమాధానం: "ఏసీ పెట్టుకుంటారుగా!"

మా ఊరంటే రొంపిచెర్ల. చిత్తూరు వైపుది కాదు, నరసరావుపేట దగ్గరది. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత పల్నాడు జిల్లా. జిల్లా పేరు మారింది గానీ ఎండలు మారలేదు. ఎండల వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు కదా, మేమూ ఆ చుట్టుపక్కల వాళ్ళమే.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, ఊళ్ళో నాన్న ఇల్లు కట్టిస్తున్నారు. గోడలు లింటెల్ దాటాయి. పది రోజుల్లో స్లాబుకి సెంట్రింగ్ మొదలు. వెంటిలేటర్లు పెట్టాలంటే ఇప్పుడే పెట్టాలి. ప్లానులో అవి లేవు. నేను బెంగుళూరు నుంచి ఫోన్ చేసి కావాలన్నాను. నాన్న ఫోను మేస్త్రి చేతికిచ్చారు.

"ఏంది బాబూ, బెంగుళూర్లో ఉండి పాతకాలపు మాటలు చెప్తన్నారు? ఇప్పుడెవరూ పెట్టట్లా. ఎలివేషను పాడైద్ది, దోమలొస్తయ్, దుమ్మొస్తది, ఏసీ గాలి బయటికి పోద్ది."

ఆయన మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. కాబట్టి "మీకు తెలీదు" అని కొట్టిపారేయడానికి లేదు. కూర్చుని లెక్కలు వేశాను.

మొదట ఏసీ సంగతి. మనం ఇళ్ళలో పెట్టుకునే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. మనలో చాలామందికి ఈ సంగతి తెలీదు, బయట వేలాడే డబ్బాలోంచి మంచి గాలి వస్తుందనుకుంటారు. ఆ డబ్బాకీ లోపలికీ మధ్య ఉండేవి రాగి గొట్టాలు, ఒక వైరు, అంతే.

పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు ఉన్న గది తీసుకోండి. అందులో దాదాపు 41 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. నిద్రపోయే మనిషి గంటకి పన్నెండు లీటర్ల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు. గది పూర్తిగా బిగించి ఇద్దరు పడుకుంటే అది గంటకి దాదాపు 600 పీపీఎం చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేదేమో 420 చిల్లర. తలుపు సందుల్లోంచి కొంత గాలి మారుతుంది కాబట్టి లెక్క అంత ఘోరంగా తేలదు గానీ, తెల్లారి లేవగానే తల దిమ్ముగా ఉండటానికి ప్రతిసారీ డెడ్‌లైనునే తిట్టుకోనక్కర్లేదు.

ఇక వెంటిలేటర్ ఏం చేస్తుంది? వేడిగాలి తేలిక, పైకి పోతుంది. పైన దారి ఉంటే బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి కింద కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. ఇది ఆరో తరగతి సైన్సే. పొగాకు కాల్చే బ్యారన్లు చూసినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. కింద గోడల్లో కన్నాలు, పైన కన్నాలు, వాటిని ఎప్పుడు ఎంత తెరవాలో ఎప్పుడు మూయాలో తెలిసినవాడే అక్కడ పనిమంతుడు. పొగాకు కోసం అంత జాగ్రత్తగా గాలి లెక్క చూసే మనం, మనుషులు పడుకునే గదికి చూడం.

అదే గదికి కింద రెండు చదరపు అడుగులు, దానికి ఏడడుగుల పైన ఇంకో రెండు చదరపు అడుగులు తెరిచి ఉన్నాయనుకోండి. రాత్రి లోపల కంటే బయట 4 డిగ్రీలు చల్లగా ఉంది. బయట ఆకు కదలకపోయినా గంటకి దాదాపు ఐదుసార్లు గదిలో గాలి మొత్తం మారుతుంది. ఒక్క యూనిట్ కరెంటు ఖర్చు లేదు. గాలి వీస్తే ఇంకా నయం.

ఇది కాగితం మీద లెక్కే కదా అంటారేమో. 2007లో వచ్చిన ఒక అధ్యయనం కోసం పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల్లో ఇదే కొలిచారు. టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది కాబట్టి వాళ్ళకి ఈ లెక్క ప్రాణాలతో సంబంధం ఉన్నది. తలుపులూ కిటికీలూ తెరిస్తే గంటకి గాలి 28 సార్లు మారింది (ఇది మధ్యస్థ విలువ). మిషన్లతో గాలి ఆడించే గదుల్లో లెక్క 12. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలున్న 1950కి ముందు కట్టిన పాత వార్డుల్లో అయితే 40, కొత్తగా కట్టిన వాటిల్లో 17. డబ్బు పోసి కట్టిన కొత్త భవనం కంటే ముసలి భవనమే బాగా ఊపిరి పీలుస్తోందన్నమాట.

రూల్స్ కూడా ఉన్నాయండోయ్. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో పదో వంతు, ఉక్కపోత ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలి. 2018 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహితలో అయితే మొత్తం కిటికీ కాదు, అందులో తెరుచుకునే భాగాన్నే లెక్కేస్తారు. అసలు కిటుకు ఇక్కడుంది. 144 చదరపు అడుగుల గదికి పదో వంతంటే 14.4, ఆరో వంతంటే 24. మా ప్లానులో గదికి నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఉన్న స్లైడింగ్ కిటికీ ఒకటుంది. చూడ్డానికి 16. కానీ స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. అంటే 8. పాత కొయ్య కిటికీ రెండు రెక్కలూ బార్లా తీస్తే మొత్తం తెరుచుకునేది.

ఇప్పుడు మేస్త్రి చెప్పినవాటికి వద్దాం. దోమలకి మెష్ ఉంది. ఏసీ గాలి పోతుందన్నది నిజమే. మిట్టమధ్యాహ్నం కన్నం తెరిచి ఉంటే బయటి 44 డిగ్రీల గాలి లోపలికి రావడమూ నిజమే. అందుకే అది మూసుకునేలా ఉండాలి. పాత వెంటిలేటర్లు మధ్యలో ఇరుసు మీద తిరిగేవి, తాడు లాగితే మూసుకునేవి. పగలు పది దాటగానే అన్నీ మూసెయ్యడం, పొద్దుగూకాక అన్నీ తెరవడం. మా నాయనమ్మ ఇప్పటికీ అదే చేస్తుంది. తొమ్మిదంగుళాల గోడ, పైన స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతాయి. ఆ వేడి బయటికి పోయే దారి పైన లేకపోతే ఫ్యాను దాన్నే మన మీదికి తోస్తుంది.

వంటగది సంగతి ఇంకా విచిత్రం. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, తలుపూ కిటికీ మూస్తారు. లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాను బయటికి తోసేదేముంటుంది? ఇన్‌పుట్ ఆపేసి అవుట్‌పుట్ రావట్లేదని టికెట్ రెయిజ్ చేసినట్టు. గోడకి కన్నం పెట్టకుండా బిగించే చిమ్నీలు నూనె జిడ్డుని పడతాయి, వేడినీ గ్యాస్ మంట వదిలే వాయువుల్నీ తిరిగి వంటగదిలోకే పంపిస్తాయి. గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూముకి గాలి దారి లేకపోతే అది ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం.

నేను ఏసీకి వ్యతిరేకం కాదు. 2015 మే ఎండలకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. అలాంటి వారాల్లో ఏసీ ఉన్నవాళ్ళు వేసుకోవాల్సిందే. నేననేది ఒక్కటే. మా నాయనమ్మకి ఆయాసం. ఏసీ వేస్తే దగ్గొస్తుందని కట్టేయమంటుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంది, ఏసీ తిరగదు. అప్పుడా గదిలో ఏముంటుంది? మూడు వైపులా గోడ, ఒక వైపు సగం తెరుచుకునే అద్దం. మన ఆఫీసులో ఏ సిస్టమైనా ఇలా డిజైన్ చేస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తారు.

ఇంకో మాట. ఈ ఇంటికి డబ్బు పంపేది నేనే కావచ్చు. కానీ నేనా ఇంట్లో ఉండేది ఏడాదికి రెండు వారాలు, అదీ ఎక్కువగా సంక్రాంతికి, చలికాలంలో. మిగతా యాభై వారాలు ఉండేది అమ్మ, నాన్న, నాయనమ్మ. "అబ్బాయి వస్తే ఇబ్బంది పడకూడదు" అని ఏసీకి తగ్గట్టు ఇల్లు బిగించేస్తున్నారు. రెండు వారాలు ఉండేవాడి కోసం యాభై వారాలు ఉండేవాళ్ళ గాలి ఆపడం నాకు నచ్చలేదు. ఈ మాట చెప్పాక నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సర్లేరా, మేస్త్రితో మాట్లాడతా" అన్నారు.

మొత్తానికి బేరం ఇలా తెగింది. నాయనమ్మ గదికి రెండు ఎదురెదురు గోడల్లో పైన వెంటిలేటర్లు, కింద స్లైడింగ్ బదులు రెక్కల కిటికీ. వంటగదికి పొయ్యి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురుగా కింద గాలి వచ్చే జాలీ. బాత్‌రూములకి ఒక్కోటి. ముందు హాలుకి మాత్రం ఒప్పుకోలేదు, ఎలివేషన్ దగ్గర నాన్నా మేస్త్రీ ఒక్కటైపోయారు. పోనీలెండి, హాల్లో ఎవరూ రాత్రంతా పడుకోరు. ఈ వెంటిలేటర్లన్నిటి ఖర్చూ కలిపినా ఒక ఏసీ ధరకి దగ్గర్లో కూడా రాలేదు.

మీలో చాలామంది ఊళ్ళో అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తూ ఉంటారు. వాట్సాప్‌లో ఎలివేషన్ బొమ్మలు పది చూసి ఉంటారు. ఈసారి ప్లాను వచ్చినప్పుడు ఒక్కో గదికీ మూడు ప్రశ్నలు అడగండి. గాలి ఎక్కడ లోపలికి వస్తుంది? ఎక్కడ బయటికి పోతుంది? కరెంటు లేనప్పుడు కూడా పోతుందా? స్లాబుకి ముందైతే మేస్త్రి నాలుగు ఇటుకలు వదిలేస్తే సరిపోతుంది. ఆ తర్వాతైతే మిషన్ తెచ్చి గోడ కోయించాలి, అప్పుడు ఇంట్లోవాళ్ళు చచ్చినా ఒప్పుకోరు.