ఊరుమ్మడి పొయ్యిలో నాన్‌ఖటాయి

సూరత్ అంటే వజ్రాలు, జరీ, చీరల బేళ్లు. లింబాయత్ వంటి పేటల్లో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలూ వినిపిస్తాయి. తెలంగాణ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన నేత కుటుంబాలవి. అదే నగరంలో తాపీ నది ఒడ్డున ఉన్న నాన్‌పురాకు మరో ఖ్యాతి ఉంది. నోట్లో వేసుకోగానే కరిగిపోయే నాన్‌ఖటాయికి అదే పుట్టిల్లంటారు.

బాదుషా అంత పరిమాణం, పైన బీటలు, నెయ్యి, యాలకుల ఘుమఘుమ. స్కాట్లండ్ షార్ట్‌బ్రెడ్‌కు ఇది వరసకు తోబుట్టువే. రెండింటికీ కావలసినవి మూడే: పిండి, కొవ్వు, చక్కెర. అక్కడ వెన్న, ఇక్కడ నెయ్యి. గుడ్డు, ఈస్టు జోలికి పోనవసరం లేదు. పేరులోని ‘నాన్’ పారసీకంలో రొట్టె. ‘ఖటాయి’ చైనాకున్న పాత పేరు నుంచి వచ్చిందని కొందరి వాదన.

మచిలీపట్నంలో మాదిరే సూరత్‌లోనూ డచ్చి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో వర్తక స్థావరం పెట్టింది. మలబారు మొక్కలపై బృహద్గ్రంథం వెలువరించిన డచ్చి అధికారి వాన్ రీడ్ 1691లో మరణిస్తే ఇక్కడే సమాధి చేశారు. ఆ గుమ్మటం ఇప్పటికీ ఉంది. డచ్చివారు వెళ్లిపోతూ తమ బేకరీ పొయ్యిని దగ్గర పనిచేసిన పార్సీ ఫరాంజీ పెస్టన్‌జీ దోటీవాలాకు అప్పగించారని స్థానిక కథనం. కల్లుతో పులియబెట్టిన రొట్టెను స్థానికులు ముట్టలేదు. దాంతో ఆయన వారి అభిరుచికి తగ్గట్టు నెయ్యితో బిస్కెట్లు చేశారట. 1861 నాటిదని చెప్పుకొనే దోటీవాలా బేకరీ ఈనాటికీ నాన్‌పురాలోనే ఉంది. అయితే ప్రచారంలో ఉన్న కథ డచ్చి బేకరీని 16వ శతాబ్దం చివరికి తీసుకుపోతుంది. కంపెనీ పుట్టిందే 1602లో. కాబట్టి కథను కథగానే వినాలి.

కథ సంగతి ఎలా ఉన్నా, నాన్‌ఖటాయి సగం ఇంట్లోనూ సగం వీధిలోనూ తయారైన వంటకం. మన ఇళ్లలో ఓవెన్లు లేని రోజుల్లో ఉత్తరాదిన పండగలకు ముందు మైదా, నెయ్యి, పంచదార డబ్బాలకెత్తి పేటలోని బేకరీకి పట్టుకెళ్లేవారు. కాల్చినందుకు కూలి ఇచ్చి, డబ్బా నింపుకొని తెచ్చుకునేవారు. హైదరాబాద్ పాతబస్తీలో మొహర్రం వేళ రోట్ కోసం బొంబాయి రవ్వ, నెయ్యి బేకరీకి పంపే ఆనవాయితీ కూడా ఇలాంటిదే. సరుకు ఎవరిది వారిదే, పొయ్యి మాత్రం అందరిదీ. ఎవరింటి నెయ్యి కమ్మగా ఉందో, ఎవరు చెయ్యి బిగబట్టారో అక్కడే తేలిపోయేది.

ఇప్పుడా పని ఇంట్లోనే అవుతుంది. 200 గ్రాముల మైదాకు 50 గ్రాముల శనగపిండి, 125 గ్రాముల పంచదార పొడి, దాదాపు 140 గ్రాముల నెయ్యి చాలు. అర చెంచా బేకింగ్ పౌడర్, యాలకుల పొడి సరేసరి. కరిగించిన నెయ్యి పనికిరాదు, పేరుకున్నదే కావాలి. దాన్ని పంచదారతో కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా గిలక్కొట్టి, పిండి చేర్చి ముద్ద చేయాలి. అదేపనిగా మర్దించకూడదు. నెయ్యి పిండి రేణువులకు పూతలా పట్టి, సాగే గుణం రాకుండా ఆపుతుంది. గవ్వల పిండిలో కాచిన నెయ్యి వేయడం వెనక సూత్రమూ అదే. వెన్నలో దాదాపు ఆరో వంతు నీరుంటుంది, నెయ్యిలో ఉండదు. షార్ట్‌బ్రెడ్ కన్నా నాన్‌ఖటాయి ఇసుకలా రాలడానికి అదో కారణం.

ఉండలు చేసి, కాస్త అదిమి, 165 డిగ్రీల వేడిలో 15 నుంచి 20 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేకుంటే కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, సన్నని సెగ మీద కానివ్వవచ్చు. దించగానే మెత్తగా ఉంటాయి. పచ్చిగా ఉన్నాయని మళ్లీ కాలిస్తే మాడిపోతాయి. చల్లారితేనే గుల్లబారతాయి.

ఇళ్లలోకి ఓవెన్లు వచ్చాయి. పేట పొయ్యికి మాత్రం గడ్డుకాలం. ముంబైలో కట్టెలు, బొగ్గుతో నడిచే బేకరీలు ఆరు నెలల్లో గ్యాస్ వంటి ఇంధనాలకు మారాలని బొంబాయి హైకోర్టు 2025 జనవరిలో ఆదేశించింది. పాత రుచి పోతుందని బేకరీల వాళ్ల బెంగ. కానీ ఆ పొగ పీల్చేది పొయ్యి ముందు నిలబడే కూలీ, పక్కింటి పసిపిల్లలు. రుచి పేరు చెప్పి దాన్ని సమర్థించలేం.

పొగ పోవలసిందే. దాంతోపాటు డబ్బా పట్టుకెళ్లే అలవాటూ పోవాలనేం లేదు. గ్యాస్ పొయ్యి కూడా పేటకంతటికీ కాల్చిపెట్టగలదు. ఇంటి ఓవెన్‌లో ఒక విడతకు డజనో, డజనున్నరో. అవి ఇంట్లోవాళ్లకే సరిపోతాయి. బేకరీ నుంచి వచ్చిన డబ్బా అలా కాదు. నాలుగిళ్లకు పంచితే గానీ ఖాళీ అయ్యేది కాదు.