వలకు చిక్కని తల

తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా ఒక చేప ఫొటో చూపించి, "దీని కళ్ళు ఎక్కడున్నాయి?" అని అడుగుతాను. దాదాపు అందరూ నోటికి పైనున్న రెండు నల్లటి గుంటలనే చూపిస్తారు. అవి కళ్ళు కావు, ముక్కు రంధ్రాలు. కళ్ళు తల లోపల ఉంటాయి. తల పైభాగం గాజు గిన్నె బోర్లించినట్టు పారదర్శకంగా ఉంటుంది. దాని నిండా ద్రవం, అందులో ఆకుపచ్చగా మెరిసే గొట్టాల్లాంటి రెండు కళ్ళు.

దీన్ని బ్యారెల్ ఐ అంటారు, అంటే పీపాల్లాంటి కళ్ళున్న చేప. శాస్త్రీయ నామం మాక్రోపిన్నా మైక్రోస్టోమా. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలంత, సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. ఉత్తర పసిఫిక్ మహాసముద్రంలో 600 నుంచి 800 మీటర్ల లోతున బతుకుతుంది. అక్కడ నీటి ఒత్తిడి నేల మీది గాలి ఒత్తిడికి 60 రెట్ల పైమాటే. సూర్యకాంతి పైనుంచి మసకగా, ఉందా లేదా అన్నంతే దిగుతుంది. ఆ మసక వెలుగులో తలపైన కదిలే నీడను పట్టుకోవడానికే పైకి చూసే ఈ గొట్టం కళ్ళు.

ఈ చేపను 1939లోనే శాస్త్రానికి పరిచయం చేశారు. అయితే వలలో పైకి లాగేసరికి ఆ పలుచని గాజు తల చిరిగిపోయేది. అందువల్ల పాత బొమ్మల్లో అది అసలు కనిపించదు. కళ్ళు పైకే బిగుసుకుని ఉంటాయని, చేప పైకి తప్ప మరోవైపు చూడలేదని అనుకున్నారు. మరి ముందువైపున్న చిన్న నోటితో ఆహారాన్ని ఎలా అందుకుంటుంది? దానికి జవాబు దొరకలేదు.

కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బ్రూస్ రాబిసన్, కిమ్ రైసెన్‌బిక్లర్ వేరే దారి పట్టారు. చేపను పైకి లాగకుండా, కెమెరా ఉన్న రోబోను దాని దగ్గరికే పంపారు. నీళ్ళలో కదలకుండా నిలబడి ఉన్న చేప, దాని గాజు తల చెక్కుచెదరకుండా కనిపించాయి. తర్వాత ఒక చేపను ప్రాణంతో పైకి తెచ్చి, ఓడలోని అక్వేరియంలో కొన్ని గంటలపాటు గమనించారు. చేప ఒళ్ళు నిలువుగా తిప్పినప్పుడు కళ్ళు గాజు తల లోపలే తిరిగాయి. పైకి చూసే కళ్ళే ముందుకూ చూడగలవన్నమాట. 2008లో ఈ సంగతి ప్రచురించారు. జెల్లీ చేపల బంధువులైన సైఫనోఫోర్ల కుట్టే తీగల మధ్య నుంచి ఇది ఆహారం దొంగిలిస్తుందేమో, అప్పుడు కళ్ళకు ఆ కవచమే రక్షణేమో అని కూడా వాళ్ళు ఊహించారు.

అంటే సుమారు 70 ఏళ్ళపాటు అసలైన చేపనే చూస్తూ కూడా దాని సగం సంగతి తెలుసుకోలేకపోయారు. దాన్ని బయటికి తెచ్చిన పద్ధతే ఆ సగాన్ని చింపేసింది.

పేరెంట్స్ మీటింగులో నాకీ చేప తరచూ గుర్తొస్తుంది. "మావాడు ఇంట్లో నోరు మూయడు మేడమ్, క్లాసులో మాట్లాడడని మీరంటున్నారు" అని ఒకమ్మ ఆశ్చర్యపోయారు. నిజమే, లేపి ప్రశ్న అడిగితే ఆ అబ్బాయి తల దించుకునేవాడు. కానీ ల్యాబులో ఉల్లిపొర స్లైడు చేసిన రోజు, తన పని ముగించుకుని పక్కవాళ్ళ మైక్రోస్కోపులు ఒక్కొక్కటే సరిచేస్తూ, ఏ కణం ఎక్కడుందో చెబుతూ తిరిగాడు. ఇంట్లో ఆ తల్లి రోజూ చూసే పిల్లవాణ్ణి నేను ఆ రోజే చూశాను.

ప్రోగ్రెస్ రిపోర్టు అబద్ధం చెప్పదు. మార్కులు కావాలి, పరీక్షలూ కావాలి. కానీ అదొక వల. అందులో పడ్డది నిజమే అయినా, పైకి వచ్చేలోపు చిరిగిపోయేవి కొన్ని ఉంటాయి. అవి చూడాలంటే పిల్లలు ఉన్నచోటికి మనమే వెళ్ళాలి, ఓపిక పట్టాలి. ఆ సంస్థ రోబోలు 5,600కు పైగా సార్లు సముద్రంలోకి దిగి, 27,600 గంటలకు పైగా వీడియో తీశాయి. 2021 నాటికి వాటికి బ్యారెల్ ఐ కనబడింది 9 సార్లే.

క్లాసులో నలభై మంది మధ్య నాకు కనిపించనిది మీకు ఇంట్లో కనిపిస్తుంది. అందుకే ఒక చిన్న కోరిక. వచ్చే మీటింగుకు ముందు, మీ అబ్బాయో అమ్మాయో ఎవరూ చెప్పకుండానే ఇష్టంగా చేసే పని ఏమిటో డైరీలో రెండు లైన్లు రాసి పంపండి. ఫ్యాను విప్పడమైనా, చెల్లికి కథ చెప్పడమైనా, మొక్కల దగ్గర చీమల వరసను చూస్తూ కూర్చోవడమైనా సరే. మీటింగులో మార్కుల కంటే ముందు దాని గురించి మాట్లాడుకుందాం.